తొమ్మిదిన్నరకే విచ్చుకున్న పదిగంటల పూలు

రోజు 771

ఎండగది పుస్తకం నిన్న నా చేతికి వచ్చింది. పోయిన నెల హుసేనయ్య తాత చనిపోయాక ఈ గదిని ఎవరు చూసుకోవాలా అని నాలుగు రోజులు తర్జనభర్జన పడి, చివరికి బడి పంతులమ్మనైన నన్ను పంపారు. లోవూళ్ళో బడికి వచ్చే పిల్లలు పదకొండు మందే. వాళ్ళకు సాయంత్రం పూట చెప్పినా సరిపోతుందన్నారు.

మూడేళ్ళకని తలుపు మూసుకుని మేం దిగిన ఈ పాత ముగ్గురాయి గనిలో, మా లోవూళ్ళో, ఇంత వెలుతురున్న చోటు ఇంకొకటి లేదు. కప్పు నిండా దీపాలు. నాలుగు వందల పన్నెండు మందికీ రోజుకు అరగంట చొప్పున ఇక్కడ కూర్చునే వంతు ఉంది. వంతు తప్పితే ఎముకలు మెత్తబడతాయని మా నర్సు మస్తాన్‌బీ అందరినీ తరుముతుంది.

మడుల్లో ఇసుక, ఇటుకపొడి, చారెడు ఎరువు. వాటిలో గడ్డిగులాబీలు, గంగపాయల, రణపాల. మూడూ ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలే. ఈ దీపాల వేడికి మరేవీ నిలవవని తాత రాసి పెట్టాడు. నీళ్ళు ఎక్కువైతే మాత్రం మొదలు కుళ్ళిపోతాయట. గంగపాయల ఆకుల కింద చుక్కల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. పూలలో తేనె తాగుతాయి. తలుపు తెరుచుకున్న రోజున వీటిని పైకి తీసుకుపోయి వదలాలి. పైన ఒక్కటైనా మిగిలిందో లేదో చెప్పేవాళ్ళు లేరు. పైనుంచి మాటలు రెండో నెలలోనే ఆగిపోయాయి. తలుపు తాళం మాత్రం తన లోపలి లెక్క ప్రకారం వెయ్యిన్నీ తొంభై ఆరో రోజున దానంతటదే తీసుకుంటుంది.

ఈ రోజు గడ్డిగులాబీలు తొమ్మిది గంటల ముప్పై మూడు నిమిషాలకు విచ్చుకున్నాయి.

రాశాక ఆగిపోయాను. మా వైపు వీటిని పదిగంటల పూలంటారు. తాత పాత పుస్తకం తీసి చూశాను. మొదటి ఎనిమిది నెలలూ ‘పూలు పది గంటలకు’ అనే ఉంది. తర్వాత కొన్ని నెలలు వేళ రాయలేదు. దీపాలు అప్పుడూ ఆరింటికే వెలిగేవి, ఇప్పుడూ ఆరింటికే. 450వ రోజున మాత్రం తాత ఇలా రాశాడు: ‘9.33. ఎందుకో తొందరపడుతున్నాయి. దీపాలాయన్ని అడగాల.’ ఆ తర్వాత ఆయన పూల వేళ రాయడమే మానేశాడు.

రోజు 774

దీపాలాయన అంటే పెంచలయ్య. నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. ఆయన దీపాల వేడి పెంచుతున్నాడేమోనని నా అనుమానం. వేడి ఎక్కువైతే పూలు ముందే విచ్చుకుంటాయి. కానీ ఎందుకు పెంచుతాడు?

ఒకటి గమనించాను. ఆయన తన వంతు కాని వేళల్లో కూడా వచ్చి, రణపాల మడి పక్కన గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు. ఏ పనీ చేయడు. పైకి దీపాల వైపు కూడా చూడడు. ఈ రోజు ఉండబట్టలేక అడిగాను.

“పెంచలయ్యా, నీ వంతు మధ్యాన్నం గదా?”

“అవును టీచరక్కా.”

“మరి ఇప్పుడెందుకు కూర్చుండావు?”

“ఊరికెనే.”

“దీపాలు ఏమన్నా మార్చినావా ఈ మధ్య?”

“మార్చలేదు. ఉండేవే సరిగా నిలవడం లేదు. ఇన్ని దినాలు వెలుగుతాయని పెట్టె మీద రాసుంటాది, అన్ని దినాలు రావడం లేదు. ముందే మాడిపోతాండాయి. దొంగ సరుకు మనకు అంటగట్టినారు పైనోళ్ళు.”

అంతే చెప్పి లేచిపోయాడు. నేను నమ్మలేదు. ఆయన వెళ్ళాక ఆకుల మధ్య ఒక ఉష్ణమాపకం దాచాను.

రోజు 783

తొమ్మిది రోజులుగా వేడి ముప్పై ఒకటి దగ్గరే ఉంది. అరడిగ్రీ కూడా కదల్లేదు. తాత పుస్తకంలోనూ ముప్పై ఒకటే. అంటే దీపాల తప్పు కాదు.

ఇంకో పరీక్ష కూడా చేశాను. గొంగళిపురుగులు కొత్తగా కట్టుకున్న పన్నెండు ప్యూపా గూళ్ళకు ఎర్రదారం ముడివేసి గుర్తు పెట్టుకున్నాను, ఎవరైనా మారుస్తున్నారేమోనని. తాత లెక్కలో ప్యూపా నుంచి సీతాకోకచిలుక బయటికి రావడానికి ఎనిమిది రోజులు. నా పన్నెండూ ఏడో రోజున, ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చి, తడి రెక్కలతో దారం పక్కనే వేలాడాయి. ఎవరూ మార్చలేదు. అవే.

గడ్డిగులాబీ కొమ్మ తుంచి ఇసుకలో గుచ్చితే పది రోజులకు వేరు పడుతుందని తాత రాశాడు. నాకు తొమ్మిదికే పడింది.

మొక్క, పురుగు, పువ్వు అన్నీ ఒకేసారి తొందరపడుతున్నాయి. నీళ్ళలో ఏదైనా కలుపుతున్నారా?

రోజు 790

ఈ రోజు తమ్ముడు తిరుపాలు వచ్చాడు. లోవూళ్ళో ధాన్యం కొట్టు, గడియారం గది రెండూ వాడి చేతిలోనే ఉన్నాయి. ఇక్కడ గోడ గడియారాలన్నీ ఆ గదిలోని పెద్ద గడియారం వెంట నడుస్తాయి. చేతి గడియారాలూ ఫోన్లూ లోపలికి వచ్చిన రోజే తలుపు దగ్గర అప్పగించేశాం. అందరి పని వంతులకూ ఒకటే గడియారం ఉండాలన్నది నియమం.

వాడు తన వంతుకు తప్ప ఎండగదికి రాడు. ఈ రోజు మాత్రం పూల వైపు చూడకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“అక్కా, హుసేనయ్య తాత పాత పుస్తకాలు ఉండాయంట గదా. కొట్లో భద్రంగా పెడతా, ఇట్లియ్యి.”

“ఎందుకురా? ఇక్కడేమన్నా చెదలుండాయా?”

“చెమ్మకు పాడైపోతాయి.”

“ఇంత ఎండలో చెమ్మా?”

వాడు నవ్వాడు కానీ కళ్ళు నవ్వలేదు. పుస్తకాలు నాకు రోజూ పని పడతాయని చెప్పి పంపేశాను. వాడు వెళ్ళాక వాటిని గంగపాయల మడి కింద ఎరువు పెట్టెలో పెట్టి మూత బిగించాను. సొంత తమ్ముడి దగ్గర పుస్తకాలు దాచుకోవాల్సి వచ్చిందేమిటని కాసేపు నా మీద నాకే చిరాకు వేసింది. అయినా తీసి బయట పెట్టలేదు.

మధ్యాహ్నం వాడి కూతురు నాగవేణి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎనిమిదో నెల దగ్గర పడుతోంది. పొట్ట చూస్తే తొమ్మిది దాటినట్టుంది.

“అత్తా, అన్నం గంట కొట్టకముందే కళ్ళు తిరుగుతాండాయి. తిన్న కాసేపటికే మళ్ళా ఆకలి. లోపల ఇద్దరుండారేమో!” అని నవ్వింది.

కడుపుతో ఉన్న పిల్లకు ఆకలి సహజమే. మరి నాకెందుకు వేస్తోంది? రోజూ అన్నం గంటకు చాలా ముందే కడుపు మాడుతోంది. పెట్టేది తగ్గించారా అంటే, లేదు. గరిటె అదే, పళ్ళెం అదే.

రోజు 798

మస్తాన్‌బీ తన వంతుకు వచ్చింది. లోవూరికంతటికీ ఆమె ఒక్కతే నర్సు. మందులూ కాన్పులూ అన్నీ ఆమే చూస్తుంది. కూర్చుని చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుంది. నేను ఊరికే అడిగినట్టు అడిగాను.

“మస్తాన్‌బీ, ఈ నీళ్ళలో ఏమన్నా తేడా ఉందంటావా?”

ఆమె చటుక్కున నా వైపు తిరిగింది.

“నీకెవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలా. నా సీతాకోకచిలుకలు ముందే వస్తాండాయి.”

ఆమె చుట్టూ చూసి, నా దగ్గరికి జరిగింది.

“అక్కా, నేను ఎవరికీ చెప్పలేదు, జనం భయపడతారని. అందరి నాడీ ఎక్కువుండాది. మొదట్లో డెబ్బై రెండు కొట్టుకునే మనిషికి ఇప్పుడు ఎనభై ఒకటి. జరం లేదు, ఆయాసం లేదు. ఒక్కరికి కాదు, అందరికీ. ఆడోళ్ళు బయట చేరేది కూడా మూడు దినాలు ముందుకొచ్చింది, అందరికీ ఒకటే తీరు. రక్తం తక్కువైందేమోనని ఇనుము మాత్రలు ఇస్తాండా.”

“కాన్పులు?”

ఆమె ముఖం వాడిపోయింది.

“అవీ ముందే. ఏడాదిగా నాలుగు కాన్పులు. నాలుగూ నెల తక్కువే. నొప్పులు ముందే వస్తాండాయని మాత్రలిచ్చి ఆపుతాండా. ముగ్గురికి రెండు దినాలు ఆగి, మళ్ళా మొదలై కాన్పయింది. సుబ్బరత్నకు పదకొండు దినాలు ఆపినా.”

సుబ్బరత్న పెంచలయ్య భార్య. ఆ బిడ్డ కడుపులోనే పోయి పుట్టాడని లోవూళ్ళో అందరికీ తెలుసు. పెంచలయ్య వంతు కాని వేళ ఇక్కడికి వచ్చి ఎందుకు కూర్చుంటాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి మీద నిఘా వేసి, ఆకుల్లో ఉష్ణమాపకం దాచిన నా తెలివికి సిగ్గేసింది.

“నెల తక్కువ బిడ్డ, నిలబెట్టలేకపోయినా,” అంది మస్తాన్‌బీ. ఇంకా ఏదో చెప్పబోయి, వంతు అయిపోయిన గంట మోగడంతో లేచింది. గుమ్మం దగ్గర మాత్రం ఆగింది. “కానీ అక్కా, వాని గోళ్ళు వేలు దాటి పెరిగినాయి. నెల తక్కువ బిడ్డకు అట్ల ఉండవు.”

రోజు 805

వారం రోజులుగా నీళ్ళు పరీక్షిస్తున్నాను. కొన్ని మొక్కలకు ఊటనీళ్ళు, కొన్నిటికి కాచి చల్లార్చిన నీళ్ళు. తేడా ఏమీ లేదు. గాలి కావచ్చునని ఒక మడికి గుడ్డ కప్పాను. ఉడికిపోయి రెండు మొక్కలు చచ్చాయి. అదొక్కటే ఫలితం.

తిరుపాలు రెండుసార్లు అటుగా వచ్చి తొంగిచూసి వెళ్ళాడు.

రోజు 816

ఈ రోజు జరిగిందంతా వరసగా రాయాలి.

పొద్దున ఎనిమిదింటికి నాగవేణికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. మస్తాన్‌బీ గదికి పరుగెత్తాను. నాగవేణి మంచం పట్టీని పట్టుకుని మూలుగుతోంది. మస్తాన్‌బీ మాత్రల సీసా చేతిలో పట్టుకుని, మూత తీయకుండా నిలబడి ఉంది. నన్ను చూడగానే బయటికి లాక్కొచ్చింది.

“అక్కా, ముప్పై అయిదు వారాలే నిండినాయి. మాత్ర ఇయ్యాల. కానీ నిన్న సాయంత్రం మీ తమ్ముడు వచ్చి, నొప్పులొస్తే ఆపొద్దు, మాత్రలు ఇయ్యొద్దు అని బతిమాలుకున్నాడు. ఎందుకంటే చెప్పడు. నా చేతులు పట్టుకుని ఏడ్చినాడు.”

“ముందెప్పుడన్నా ఇట్ల అడిగినాడా? వేరేవాళ్ళ కాన్పులకు?”

“లేదు. ఎప్పుడూ రాలా.”

కొట్టు చూసుకునే మగవాడికి కాన్పు మాత్రల సంగతి ఎందుకు? ఇప్పుడే ఎందుకు? పాత పుస్తకాలు కావాలని వచ్చింది కూడా వీడే. ఆ పుస్తకాల్లో ఉన్నది ఏమిటి? పూలు ఏ వేళకు విచ్చుకున్నాయి, ప్యూపాకు ఎన్ని రోజులు పట్టింది. అన్నీ రోజులూ గంటలే. మరేమీ లేవు.

నేను మస్తాన్‌బీ గోడ మీది గడియారం వైపు చూశాను.

“నాడీ దేంతో లెక్కపెడతావు?”

“దీంతోనే.”

“మీటరు కొలిచే టేపుందా? కొంచెం దారం కావాల.”

ఆరో తరగతి పిల్లలకు ఏటా చేయించిన ప్రయోగం. మీటరు పొడవు దారానికి చివర ఏదైనా బరువు కట్టి వేలాడదీసి ఊపితే, ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పోవడానికి సరిగ్గా ఒక సెకను పడుతుంది. బరువు ఎంతైనా అంతే. పైనైనా, గనిలోనైనా అంతే. దాన్ని ఎవరూ మార్చలేరు.

సెలైను సీసా తగిలించే కొక్కేనికి దారం కట్టి, చివర ఒక ఇనుప నట్టు వేలాడదీశాను. మస్తాన్‌బీ గడియారం వైపు చూస్తూ “కానియ్” అంది. నేను లెక్కపెట్టాను. ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి అరవై రావాలి. అరవై ఏడు వచ్చాయి. మళ్ళీ చేశాం. అరవై ఎనిమిది. మూడోసారి అరవై ఏడు.

“దారం పొట్టిగా ఉండాదేమో,” అంది మస్తాన్‌బీ.

మళ్ళీ కొలిచాం. మీటరే.

“గడియారం నిదానంగా నడుస్తాండాది,” అన్నాను. “మన దినం ఇరవై నాలుగు గంటలు కాదు మస్తాన్‌బీ. ఇరవై ఏడు.”

ఆమె గోడకు ఆనుకుంది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. ముప్పై అయిదు వారాలు. ప్రతి రోజుకూ ఇంకో మూడు గంటలు. లెక్క ఎక్కడ తేలిందో ఆమె ముఖంలోనే కనిపించింది. సీసాను అల్మరాలో పెట్టి తాళం వేసింది. చేతులు సబ్బుతో రుద్ది కడిగింది, చాలాసేపు. తర్వాత నాగవేణి దగ్గరికి వెళ్ళి, “నిండిపోయినాయి తల్లీ, భయం లేదు. నొప్పొచ్చినప్పుడు ముక్కు,” అంది.

నేను గడియారం గదికి వెళ్ళాను. తలుపు లోపల గడియ వేసి ఉంది. తట్టాను. తిరుపాలు తెరిచి, నా ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు.

“ఎప్పటినుంచి?” అన్నాను.

వాడు నటించలేదు. అదొక్కటీ మంచి పని చేశాడు.

“రెండు వందల నలభయ్యో దినం నుంచి. మూడో కొట్లోకి ఊటనీళ్ళు వచ్చినాయక్కా. ఎనభై అయిదు దినాల గింజలు బూజు పట్టి పోయినాయి. తలుపు మాత్రం దాని దినానికే తెరుచుకుంటాది. ఉండే గింజలు అంతవరకూ రావు.”

“చెప్పింటే?”

“చెప్పింటే కొట్టు మీద పడతారు. బలమున్నోడు మోసుకుపోతాడు, లేనోడు చస్తాడు. కూడు తగ్గిస్తే జనం ఊరుకోరు. అందుకని దినాన్ని పెంచినా, కూడు పెట్టే పూటలు తగ్గుతాయని. దినానికి ఒక్క నిమిషం. ఆరు నెలలకు మూడు గంటలయింది. ఎవురికీ తెలీలా. ఎవురూ తన్నుకు చావలా. ఇంగో ఏడు నెలలకు తలుపు తీసుకుంటే, దగ్గర దగ్గర మూడు నెలలు ముందే తీసినారని అందరూ సంతోషపడిపోతారు అనుకున్నా.”

చెప్పే తీరు చూస్తే కొంచెం గర్వం కూడా ఉన్నట్టనిపించింది. ఇన్నాళ్ళూ ఒంటరిగా మోసిన బరువు ఎవరికైనా చూపించుకోవాలని ఉన్నట్టుంది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ వాడి తెలివి నచ్చింది. నాలుగు వందల మందిని చావనివ్వలేదు.

“సుబ్బరత్న బిడ్డ పోయినాడే, అప్పుడు తెలిసిందా నీకు?” అన్నాను.

వాడు తల దించుకుని బల్ల అంచు గీకాడు.

“తిరుపాలూ.”

“నాలుగు దినాలకు తెలిసింది. పదకొండు దినాలు నొప్పులు ఆపినారని ఎవురో చెప్పుకుంటా ఉంటే విన్నా. ఇంటికొచ్చి లెక్కేసినా. ఆ బిడ్డకు నెలలు ఎప్పుడో నిండినాయి.”

“అప్పుడన్నా చెప్పలేదే!”

“చెప్తే బిడ్డ తిరిగొస్తాడా అక్కా? ఉండేవాళ్ళ కూడు పోతాది అనుకున్నా.”

“నీ కూతురి కాడికి వచ్చేసరికి మాత్రలు వద్దన్నావు. మస్తాన్‌బీ చేతులు పట్టుకుని ఏడ్చినావు. ఆ మాట సుబ్బరత్న తర్వాత ఎవరి కాన్పుకైనా చెప్పినావా?”

వాడు బల్ల మీద తల పెట్టుకున్నాడు. పెద్ద గడియారం వాడి వెనక నడుస్తూనే ఉంది. దాని పక్కనే చిన్న మర, ఒక చక్రం. చక్రం మీద సన్నని గీతలు. రోజుకొక గీత చొప్పున వాడు దాన్ని చేత్తో తిప్పాడు. ఇంత చిన్న పనిముట్టా అనిపించింది.

“మూడు దినాలు టైమిస్తాండా,” అన్నాను. “అసలు దినాలు. అందరి ముందర నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

మధ్యాహ్నానికి నాగవేణికి ఆడపిల్ల పుట్టింది. మస్తాన్‌బీ తూకం వేసింది. మూడు కిలోల వంద గ్రాములు. బిడ్డ గదంతా అదిరేలా ఏడ్చింది. నాగవేణి నవ్వుతూ, “నెల తక్కువదానికి ఇంత గొంతేంది అత్తా?” అంది. నేను బిడ్డ కాళ్ళు తుడిచి గుడ్డలో చుట్టాను.

మస్తాన్‌బీ పని అంతా ముగించి, గుడ్డలు నానబెట్టి, అప్పుడు వచ్చి గుమ్మంలో కూలబడింది.

“నా చేతులు చెప్పినాయక్కా. సుబ్బరత్న బిడ్డ తల గట్టిగుండాది, పొట్ట దిగింది, ఇంక ఆపొద్దు అని నా చేతులు చెప్తానే ఉండాయి. ఇరవై ఏండ్లుగా కాన్పులు చేసిన చేతులు. నేను గోడ గడియారం మాట విన్నా.”

ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. చేతులు తొడల మీద పెట్టుకుని వాటివైపే చూస్తూ ఉండిపోయింది.

రోజు 819. అసలు రోజు 880.

సభ ఎండగదిలోనే పెట్టారు. వెలుతురులో అందరి ముఖాలూ కనిపించాలని నేనే అడిగాను. మడుల మధ్య దారుల్లో, గట్ల మీద, గుమ్మం బయట సందులో కూడా జనం నిలబడ్డారు. సీతాకోకచిలుకలు మనుషుల భుజాల మీద వాలుతున్నాయి. ఎవరూ వాటిని పట్టించుకోలేదు.

తిరుపాలు చెప్పాడు. తడబడ్డాడు కానీ దాచలేదు. నీళ్ళు రావడం, గింజలు పోవడం, నిమిషాలు కలపడం. బిడ్డ సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. నేను వాడి వైపే చూస్తూ నిలబడ్డాను. అదీ చెప్పాడు. తెలిసి కూడా నోరు మూసుకున్నానని చెప్పాడు.

గొడవ లేచింది. ఒకడు ముందుకు దూకి తిరుపాలు చొక్కా పట్టుకున్నాడు. “మా బతుకులో ఇన్ని దినాలు మింగేసినావు గదరా!” అని అరిచాడు. ఇంకొకామె, “మింగింది దినాలే, కూడు కాదు. నా పిల్లోళ్ళు బతికుండారు. వాన్ని వదులు,” అని ఆ చొక్కా విడిపించింది. రెండు వైపులా గొంతులు పెరిగాయి. ఎవరి అడుగు కిందో గడ్డిగులాబీల మడి ఒకటి నలిగిపోయింది.

అప్పుడు పెంచలయ్య గోడ దగ్గర నుంచి లేచాడు. ఆయన లేవగానే అరుపులు తగ్గాయి. సుబ్బరత్న ఆయన వెనకే నిలబడింది. పెంచలయ్య తిరుపాలు ముందుకు వచ్చి ఆగాడు. కొడతాడనుకున్నాను. అందరూ అనుకున్నారు. తిరుపాలు కూడా కళ్ళు మూసుకున్నాడు.

“మా వాడు ఏడు వందల ఆరో దినం పుట్టినాడు,” అన్నాడు పెంచలయ్య. “ఫిబ్రవరి నాలుగు అని రాసుకున్నాం. అది అబద్ధపు దినం గదా. అసలు ఏ దినమో చెప్పు.”

తిరుపాలు కళ్ళు తెరిచాడు. అర్థం కానట్టు చూశాడు.

“లెక్క నీకే తెలుసు. చెప్పు,” అన్నాడు పెంచలయ్య మళ్ళీ, గొంతు పెంచకుండా.

నేను బడి పలక, సుద్దముక్క తెచ్చి తమ్ముడికి ఇచ్చాను. వాడు నేల మీద కూర్చుని లెక్క వేయడం మొదలుపెట్టాడు. మొదటి రెండు వందల నలభై రోజులు సరైనవే. తర్వాతి నూట ఎనభై రోజులూ ఒక్కో నిమిషం పెరుగుతూ వచ్చినవి. ఆ తర్వాత అన్నీ ఇరవై ఏడు గంటలవి. సుద్ద రెండుసార్లు విరిగింది. ఒకచోట తప్పు పోతే నేను వేలు పెట్టి చూపించాను. నాలుగు వందల మంది చప్పుడు చేయకుండా ఆ పలక వైపే చూశారు.

“ఏడు వందల యాభై మూడో దినం,” అన్నాడు చివరికి. “మార్చి ఇరవై మూడు.”

“మార్చి ఇరవై మూడు,” అన్నాడు పెంచలయ్య, భార్య వైపు తిరిగి.

సుబ్బరత్న పెదవులు కదిలాయి. తనలో తాను నెలలు లెక్కపెట్టుకుంటోంది. తర్వాత జనంలో నుంచి దారి చేసుకుంటూ మస్తాన్‌బీ దగ్గరికి వెళ్ళింది. మస్తాన్‌బీ వెనక్కి ఒక అడుగు వేసింది.

“కాన్పుల పుస్తకం ఉండాదా నీ కాడ?” అంది సుబ్బరత్న.

“ఉండాది.”

“అందులో మా వానికి నెల తక్కువ అని రాసినావు. నేను ఏదో చేసినానని, బరువు ఎత్తినానని, అందుకే వాడు ముందే వచ్చినాడని ఇన్ని దినాలూ అనుకుంటాండా. మా అత్త కూడా అదే మాట అనింది.” ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “అది కొట్టేసి రాయి. నీ చేత్తోనే రాయి.”

మస్తాన్‌బీ సంచిలోంచి పుస్తకం తీసింది. ఎక్కడ పెట్టి రాయాలో తెలియక చూస్తుంటే, పెంచలయ్య వంగి తన వీపు చూపించాడు. ఆ వీపు మీద పుస్తకం ఆనించి, పాత తేదీ మీద ఒక గీత గీసి, కొత్త తేదీ రాసింది. తర్వాతి గడిలో ఉన్న మాట మీద కూడా గీత గీసింది. పక్కన నిదానంగా, ఒక్కొక్క అక్షరమే రాసింది. చదవడం రాని సుబ్బరత్న కోసం పైకి చదివింది.

“నిండు నెలల బిడ్డ.”